కారులో అనుకున్న మాట

"మేడమ్, టీచర్లు వాళ్ళలో వాళ్ళు మా గురించి మాట్లాడుకుంటారా?" అని మేఘన అడిగేసరికి బస్సు పలమనేరు ఊరు దాటి వి.కోట దారి పట్టింది. శాంతకుమారి తల తిప్పలేదు. ఆ పిల్ల ముఖంలో ఏముందో చూడాలంటే తల తిప్పాలి, తిప్పితే తన ముఖంలో ఏముందో ఆ పిల్లకు కనబడుతుంది. అందుకని కిటికీ బయట టమోటా తోటలనే చూస్తూ, "మాట్లాడుకుంటాము పాపా. ఎవురు బాగా చదవతాండారు, ఎవురికి లెక్కలు రాలేదు, అట్లాంటివి," అంది. "అంతేనా మేడమ్?" "అంతే." మేఘన "ఊఁ" అని ఒళ్ళోని సంచి సర్దుకుంది. ఆ సంచిలో వాళ్ళమ్మ వెంకటలక్ష్మమ్మ తెల్లవారి లేచి బెల్లం పూర్ణం పెట్టి చేసిచ్చిన ఓళిగలున్నాయి.

అంతే అన్న ముక్క ఎంత సులువుగా వచ్చేసింది! పిల్లలకు జీవశాస్త్రం చెప్పే నోరు కదా, ఎంత పెద్ద సంగతినైనా పిల్లలకు సరిపడా కోసి ఇవ్వడం దానికి అలవాటు. ఆదివారం పూట మదనపల్లెలో తలంటుకుని తీరుబడిగా కూర్చోవలసిన మనిషి పొద్దున్నే బస్సెక్కి పుంగనూరులో దిగి, అక్కడ ఈ పిల్లను వెంటబెట్టుకుని కుప్పం బస్సెక్కింది. ఎందుకంటే కుప్పంలో వాళ్ళ ఖాలా ఇంట్లో, అంటే పిన్నమ్మ ఇంట్లో, జువేరియా బడి మానేసి కూర్చుంది. పదో తరగతి పిల్ల, ఈ మేఘన బెంచీలోనే కూర్చునే పిల్ల, పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదికొచ్చిన పిల్ల. వాళ్ళమ్మ బద్రున్నీసా ఫోన్లో, "అది వస్తానంటే పిలుచుకుని రాండి మేడమ్, నేనేం అడ్డం చెప్పను. నా మాట ఇనేలా లేదు. మీ మాటైతే ఇంటాదేమో, మీరంటే దానికి పిచ్చి," అంది. మీరంటే దానికి పిచ్చి. ఆ మాట వినలేక శాంతకుమారి ఫోను చెవి నుంచి దూరం పెట్టింది. ఇది చాలదన్నట్టు పుంగనూరు బస్టాండులో మేఘన తండ్రి నల్లప్ప. పాల డెయిరీలో పని ఆయనకు, నాయన కాలం దాకా కూలి బతుకు, ఇప్పుడు నెల జీతం, చొక్కా జేబులో పెన్ను, కూతురి చదువంటే ప్రాణం. "మా పాప అట్లాటి పిల్ల కాదు మేడమ్. అన్నం లేకుండానన్నా ఉంటాది గానీ మాటలు మోసే రకం కాదు. పెద్దోళ్ళు మీరు, దాని మీద పడిన నింద మీరే తుడవాల," అని నలుగురూ చూస్తుండగా చేతులు జోడించాడు. ఆయన ముఖం చూడలేక, "చూస్తాలేప్పా, నేనుండా గదా," అనేసి గబగబా బస్సెక్కింది. నేనుండా గదా అంట. సిగ్గులేని నోరు.

ఆ నింద వెనకున్న సంగతేమో ఇంతే. జువేరియాకి ఫిట్స్ వస్తాయి. ఏడో తరగతిలో మొదలయింది, మదనపల్లెలో డాక్టరుకు చూపించారు, మాత్రలు వేసుకుంటోంది, ఎప్పుడో గాని రాదు. ఇంట్లో వాళ్ళు గుట్టుగా ఉంచుకున్నారు. ఆ గుట్టు శాంతకుమారి చేతిలోకి వచ్చింది హార్స్లీ హిల్స్ టూరు మూలంగా. పదో తరగతి పిల్లల్ని కొండకు తీసుకుపోవాలని బడిలో అనుకున్న రోజున జువేరియా ల్యాబులోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, తలమీది చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "మేడమ్, నేను టూరుకు రావొచ్చునా?" ఎందుకు రాకూడదు పాపా అంటే అప్పుడు చెప్పింది. ఎంత పద్ధతిగా చెప్పిందని! "ఆడ వస్తే మీరు బయపడొద్దండి మేడమ్. చేతిలో తాళాలు గీళాలు పెట్టనీయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, అదే పోతాది. మేఘనకు తెలుసు, అది చూసుకుంటాది. బయట ఎవురికీ తెల్దు మేడమ్, మేఘనకు, ఇప్పుడు మీకు, అంతే. ఆపాకు సంబంధాలు చూస్తాండారు. తెలిస్తే ఇంటి రోగం అంటారంట." ఆపా అంటే వాళ్ళక్క మెహ్‌నాజ్. ఇరవై ఏళ్ళుగా నాడీవ్యవస్థ పాఠం చెబుతున్న తను, మూర్ఛ అంటువ్యాధి కాదు అని బోర్డు మీద రాసి రెండు గీతలు గీసే తను, పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "నా కడుపులో ఉంటాది పాపా, నువ్వు రా," అంది. కొండ మీద ఏమీ కాలేదు. కోతులు ఎవరిదో చిప్స్ పొట్లం లాక్కుపోతే అందరూ పడీ పడీ నవ్వారు, మేఘన మాత్రం పొద్దుగూకేదాకా జువేరియా చెయ్యి వదల్లేదు. ఈ చెయ్యే. ఇప్పుడు సంచి మీద బోర్లా పడి ఉన్న ఈ చెయ్యి, గోళ్ళకు గోరింటాకు సగం అరిగిపోయి.

కడుపులో ఉంటుందన్న మాట కడుపులో ఎన్నాళ్ళుంది? ముద్దుకృష్ణ సారు కారెక్కే దాకా ఉంది. కారును తిట్టి ఏం లాభం గాని, తిట్టడానికి ఏదో ఒకటి కావాలి కదా. ఆయన లెక్కల మాస్టారు, వసుధ ఇంగ్లీషు, తను జీవశాస్త్రం. ముగ్గురివీ మదనపల్లెలో కాపురాలు, పుంగనూరులో ఉద్యోగాలు. పొద్దున పోయేటప్పుడు ఎవరి నిద్ర వాళ్ళది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మాత్రం బడి గేటు దాటగానే వసుధ చెప్పులు విడిచి, కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని, "విన్నారా ఇది?" అని మొదలుపెట్టేది. ఎవడు ఎవతెకు చీటీ విసిరాడు, ఎవరి నాయన తాగి పేరెంట్స్ మీటింగుకు వచ్చాడు, ఏ పిల్ల కాటుక రోజురోజుకూ ఎట్లా లావవుతోంది. పిల్లలకు పేర్లు కూడా పెట్టుకున్నారు, ఆ పేర్లు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ముద్దుకృష్ణ సారు ఒక చట్టం చేశాడు. "కారులో మాట కారులోనే పెట్టి తలుపేయాల. ఎవురూ ఇంటికి మోసుకుపోగూడదు." ఆ చట్టం ఉందన్న ధీమాతోనే నోళ్ళు అంతగా తెరుచుకున్నాయి. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో క్యారియర్లు విప్పినప్పుడు తలా ఒక గిన్నె మధ్యలో పెడతారు, అందరి కూరలూ తిని తనది పెట్టకపోతే మొహం చెల్లదు. కారులోనూ అంతే. ఆ సాయంత్రం వసుధ తొమ్మిదో తరగతి ప్రేమకథ ఒకటి నవ్వలేక చచ్చేలా చెప్పింది. సారు హెడ్మాస్టరును అనుకరించాడు. ఇక తన వంతు, తన గిన్నెలో ఏమీ లేదు. "మీకెప్పుడూ ఏమీ తెల్దబ్బా శాంతక్కా, పాఠం చెప్పేది, పోయేది," అని వసుధ వేళాకోళమాడింది. ఉక్రోషం ఎక్కడి నుంచి వచ్చిందో, "మీకు తెలిసినవేం లెక్క," అంటూ మొదలై, "ఎవురితోనూ అనొద్దండి గానీ," అని ఒక ముక్క అడ్డం పెట్టి, "మా జువేరియా లేదూ, పాపం..." అంటూ ఆ పిల్ల గిన్నెను తెచ్చి మధ్యలో పెట్టింది.

ఇద్దరూ ఒక్కసారిగా "అయ్యో" అన్నారు. వసుధ కాళ్ళు కిందికి దించి ఇటు తిరిగి కూర్చుంది. సారు రేడియో కట్టేశాడు. అయ్యో, అంత చురుకైన పిల్లకా, ఎప్పటి నుంచి, ఏం మందులు, ఇంట్లో యాల దాచిపెట్టినారు? అడుగుతూ పోయారు, తను చెబుతూ పోయింది, అక్క సంబంధం సంగతి కూడా చెప్పింది, అది చెప్పవలసిన అవసరం ఏముందసలు? కారు మదనపల్లె చేరేదాకా అందరి చూపూ తన మీదే. ఆ రోజు ఇంటికి పోయి కాఫీ పెట్టుకుంటూ కూనిరాగం తీసింది కూడా. నిజం ఒప్పుకోవాలంటే ఆ సంగతే మిగతా వాటికంటే ఎక్కువ కాలుస్తోంది. పొరపాటున జారిన మాటైతే కాలు జారినట్టే అనుకుని సర్దుకోవచ్చు. కానీ అది జారలేదు. తీసి, తుడిచి, నలుగురూ చూసేలా పట్టుకుని చూపించింది.

అట్లాగని టీచర్లు పిల్లల గురించి మాట్లాడుకోకూడదా? మాట్లాడుకోకపోతే ఎట్లా? శివకుమార్ అనేవాడు క్లాసులో నిద్రపోతుంటే చెవులు మెలిపెట్టేవాళ్ళు ఒకప్పుడు. ఒక రోజు ఇదే కారులో ముద్దుకృష్ణ సారు, వాడు తెల్లవారకముందే మదనపల్లె టమోటా మార్కెట్టులో క్రేట్లు దించి వస్తాడని ఎవరో చెప్పగా విన్నానన్నాడు. మరుసటి రోజు నుంచి మొదటి పీరియడు వాణ్ణి ఎవరూ లేపలేదు, మధ్యాహ్నం సారు వాడికి విడిగా లెక్కలు చెప్పాడు. అది మాట చేసిన మేలు. డాక్టర్లు మాట్లాడుకోరా, నర్సులు మాట్లాడుకోరా? అని శాంతకుమారి తనకు తానే వకాలతు పుచ్చుకుని చూసుకుంది. కేసు నిలబడలేదు. శివకుమార్ సంగతి చెప్పినప్పుడు సారు గొంతు ఎట్లా ఉందో గుర్తుంది, ఎవరికో చెప్పి ఏదో చేయాలన్నట్టు తొందరగా ఉంది. జువేరియా సంగతి చెప్పినప్పుడు తన గొంతు ఎట్లా ఉందో కూడా గుర్తుంది. నిదానంగా, ఊరిస్తూ ఉంది.

బస్సు ఎక్కడో ఆగింది. పట్టుగూళ్ళ మూటతో ఒకాయన ఎక్కాడు, ఆ మూట ఎక్కడ పెట్టాలా అని కండక్టరుకూ ఆయనకూ సగం తమిళంలో సగం తెలుగులో చిన్న యుద్ధం జరిగింది. రోడ్డు పక్కన ఏనుగులు తిరుగు ప్రాంతం, నిదానంగా పోవలెను అని అటవీ శాఖ బోర్డు. మేఘన ఆ బోర్డును చదువుకుని ఏదో అనబోయి మానేసింది. మామూలుగా ఈ పిల్ల వాగుడుకాయ. రోజులు గడిచేకొద్దీ మాట తగ్గిపోయింది, బెంచీలో ఒంటరిగా కూర్చుంటుంది, పక్కన జువేరియా చోటు ఖాళీగా ఉంటుంది, వేరే పిల్లలు వచ్చి కూర్చోరు. స్నేహితురాలి గుట్టు చాటిన దాని పక్కన ఎవరు కూర్చుంటారు?

చాటింది వసుధ. చాటిందని కూడా అనలేము, ఆమెకు ఇవాళ్టికీ తను చేసిందేమిటో తెలియదు. మదనపల్లెలో జాకెట్టుకు మగ్గం వర్కు చేయించుకోవడానికి ఒక అంగడికి పోయింది. అంగడి ఆవిడ మాటల్లో మా అబ్బాయి అయాజ్‌కు పుంగనూరులో పిల్లను అనుకున్నాము, మెహ్‌నాజ్ అని, అన్నదట. వసుధ సంబరంగా, "మా బళ్ళో చదివే జువేరియా వాళ్ళక్కే గదా! మంచి పిల్లలండీ. పాపం ఆ చిన్నదానికి ఫిట్స్ అంట, ఇప్పుడెట్లుండాదో?" అని పరామర్శించింది. అంతే. జాలి పడింది, అంతకంటే ఏమీ లేదు. మరుసటి వారం కారులో వసుధే చెప్పింది. "ఆ సంబంధం తప్పిపోయిందంట శాంతక్కా. తమ్ముడికో చెల్లెలికో ఉంటే ఏమంట, మనుషులు ఎంత మూర్ఖంగా ఉంటారో చూడు. నేను మంచికే అడిగినా, ఆమె మొహం మాడ్చుకునింది." ముద్దుకృష్ణ సారు అద్దంలోంచి శాంతకుమారి వైపు ఒక్కసారి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. ఆయనకు అర్థమయింది. తనకూ అర్థమయింది. తేలు కుట్టిన దొంగల్లాగా ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఆ తరువాత కారులో ఎవరూ పిల్లల మాట ఎత్తలేదు, డీఏ బకాయిల గురించి మాట్లాడుకున్నారు.

ఇంతవరకూ అయితే వసుధ నోటి మీదికి తోసేసి నిద్రపోవచ్చు. ఆ తరువాతిది ఎవరి మీదికి తోయాలి? బద్రున్నీసా బడికి వచ్చింది. బురఖా ముఖం మీది నుంచి తీసేసి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు. "సంబంధం పోతే పోయింది మేడమ్, మెహ్‌నాజ్‌కు ఇంగోటి వస్తాది. ఈ చిన్నదే, నావల్లే అంతా అయింది అని అన్నం ముట్టదు, బడికి రాదు. ఆడ ఇంట్లో, ఈడ మీరు, ఆ మేఘన. ఇంగెవురికీ తెల్దు. మీరు చెప్పరు. మరి ఎవురు చెప్పినట్టు మేడమ్?" అని అడిగింది. అడగడం కూడా కాదు, మీరు చెప్పరు అని తనే జవాబు చెప్పేసి, మిగిలిన జవాబు కోసం చూసింది. అప్పుడు చెప్పి ఉండాలి. నేనేనమ్మా అని రెండు ముక్కలు. బద్రున్నీసా తిట్టి ఉండేది, ఏడ్చి ఉండేది, హెడ్మాస్టరు గదికి పోయి ఉండేది, పోనీ. శాంతకుమారి నోరు తెరిచింది. తెరిస్తే వచ్చిందేమిటంటే, "పిల్లలు గదమ్మా, తెలియక నోరు జారుంటారు. పెద్దది చేయొద్దండి."

పిల్లలు. పేరు పెట్టి అనలేదు. అనవలసిన పని లేకుండా అంది. బద్రున్నీసా తల ఊపుకుంటూ నేరుగా మేఘన వాళ్ళింటికి పోయింది. వెంకటలక్ష్మమ్మ వీధిలో అందరి ముందూ కూతుర్ని నాలుగు బాదింది. జువేరియా ఆ రాత్రే కుప్పం పోతానని పట్టుబట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఒక రకం, పక్కవాళ్ళ భుజం మీద ఆ బూడిద రాసి రావడం ఇంకో రకం. ఇరవై ఏళ్ళలో ఎంతమంది పిల్లల చేత గోడకుర్చీ వేయించింది అబద్ధమాడినందుకు, తప్పు ఒప్పుకో, ఒప్పుకుంటే కొట్టను అని ఎన్నిసార్లు అంది!

వి.కోటలో సగం బస్సు ఖాళీ అయింది. మేఘన తల ఊగుతూ ఊగుతూ వచ్చి శాంతకుమారి భుజం మీద వాలింది. కొబ్బరినూనె వాసన. బరువేమీ లేదు, అయినా భుజం కదిలించడానికి భయం వేసింది. ఇంకో గంటలో కుప్పం. అక్కడ ఏం చెప్పాలో మదనపల్లెలో ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే సిద్ధం చేసుకుంది. జువేరియా, అయిందేదో అయింది, నీ చదువు ముఖ్యం, మేఘనను క్షమించు, ఇద్దరూ కలిసి ఉండండి. క్షమించు అనే ముక్క దగ్గర మింగుడు పడలేదు, మళ్ళీ మొదలుపెట్టింది. మేఘన చెప్పలేదు, ఇంకెవరో చెప్పినారు, ఎవరో మనకు తెలియదు. ఇదైతే నింద తుడిచినట్టూ ఉంటుంది, తను తడవకుండానూ ఉంటుంది. ఎవరో అంటే జువేరియా నమ్ముతుందా? మీరు చెబితే నమ్ముతుంది, మీరంటే పిచ్చి. ఆ పిచ్చి ఉంది కాబట్టే పిల్ల వెనక్కి వస్తుంది, పరీక్ష రాస్తుంది, ఐదువందల మార్కులకు తగ్గకుండా తెచ్చుకుంటుంది. నిజం చెబితే ఆ పిచ్చి కాస్తా పోయి, పిల్ల రానే రాదు, ఒక ఏడాది, కాదు, చదువే పోతుంది. నిజం చెప్పి నా మనసు తేలిక చేసుకోవడానికి పిల్ల భవిష్యత్తు పణం పెట్టాలా? పరీక్షలయ్యాక చెప్పవచ్చు కదా. ఎంత చక్కగా ఆలోచిస్తున్నావు శాంతకుమారీ, పిల్ల మంచి కోసమే అంతా, వసుధ కూడా మంచికే అడిగింది.

"మేఘనా," అంది. పిల్ల నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి పెదవి కొస తుడుచుకుంది. శాంతకుమారి ముందు సీటు ఇనుప కమ్మీని పట్టుకుని, దాని వైపే చూస్తూ, "జువేరియా మాట బయటికి చెప్పింది నేనే పాపా. వసుధ మేడమ్‌తో చెప్పినా, ఆమె మదనపల్లెలో అయాజ్ వాళ్ళమ్మతో అనింది," అంది.

"తెలుసు మేడమ్," అంది మేఘన.

ముందు సీటులో పూలబుట్ట ముసలావిడ తమిళంలో ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతోంది. "తెలుసా? ఎట్లా తెలుసు?" అని శాంతకుమారి అడిగింది. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులాగా వినబడింది. "మన ఇద్దరికే తెలుసు గదా మేడమ్. నేను చెప్పలేదు. ఇంగ ఎవురుంటారు?" అంది మేఘన, బోర్డు మీది తీసివేత చెబుతున్నట్టు. ఎంత తేలిక లెక్క. బద్రున్నీసా చెయ్యని లెక్క, నల్లప్ప చెయ్యని లెక్క. మేడమ్ అనే అంకెను తీసెయ్యవచ్చని వాళ్ళకు తట్టనే లేదు. ఈ పిల్లకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసీ రోజూ క్లాసులో లేచి నిలబడి గుడ్ మార్నింగ్ మేడమ్ అంది. "మరి జువేరియాతో అనలేదా?" "ఫోన్లో అన్న్యా మేడమ్. మేడమ్ అయ్యుంటాది అన్న్యా. 'మేడమ్ అట్లా చెప్పదు, నీ తప్పు మేడమ్ మీదికి తోస్తాండావు' అని పెట్టేసింది. మళ్ళా ఎత్తలే." శాంతకుమారి కమ్మీ వదిలి ఇటు తిరిగింది. "మరి నాతో యాల వచ్చినావు పాపా?" మేఘన సంచి పట్టీని మడతపెట్టి విప్పింది. "మీరు చెప్తారేమోనని. ఇందాక అడిగినా గదా, టీచర్లు మాట్లాడుకుంటారా అని. అంతే అన్న్యారు మీరు." తరువాత, కోపమేమీ లేకుండా, "మీరు చెప్పకపోతే అది వస్తాది మేడమ్. నా పక్కన కూర్చోదు, అంతే గదా. చెప్తే వస్తాదో రాదో నాకూ తెల్దు," అంది.

దారి చూపించేసింది. పదిహేనేళ్ళ పిల్ల, మీరు దిగిపోవాలంటే ఇక్కడ దిగిపోండి అని చెప్పేసింది. శాంతకుమారి కిటికీ అద్దానికి తల ఆనించింది. గ్రానైటు బండలు మోసుకుపోతున్న లారీ ఒకటి ఎంతకీ దారి ఇవ్వలేదు, బస్సు దాని వెనకాలే నత్తనడక నడిచింది, అట్లాగే నడిస్తే బాగుండునని, కుప్పం రాకుండా ఉంటే బాగుండునని అనిపించింది. అందరికీ మంచిది ఏదో తనకు తెలుసు, ఎప్పుడూ తెలిసేది, పిల్లల విషయంలో ఏది దాచాలో ఏది చెప్పాలో టీచర్లకే బాగా తెలుసని అనుకునేది. జువేరియా నా మీద నమ్మకంతో వెనక్కి వస్తుంది, ఈ పిల్ల ఆ నమ్మకానికి ఖరీదు కడుతుంది, రోజూ కడుతుంది, పక్కన ఖాళీ బెంచీతో. ఏడుపు వచ్చింది, ఏడిస్తే మేఘన ఓదార్చాల్సి వస్తుందని మింగేసింది.

కుప్పంలో రైలు గేటు దాటి, రెండు సందులు తిరిగితే ఖాలా ఇల్లు. తలుపు తట్టకముందే జువేరియా పరిగెత్తుకొచ్చింది. సన్నబడిపోయింది, కళ్ళ కింద నలుపు. రెండు చేతులతో శాంతకుమారి చేతులు పట్టుకుని, "మీరు వస్తారని ఖాలాతో చెప్తానే ఉండా మేడమ్," అంది. వెనకాల నిలబడిన మేఘన వైపు చూడలేదు, అక్కడ గోడ ఉన్నట్టే. ఖాలా కుర్చీ వేసి మంచినీళ్ళు తేవడానికి లోపలికి తిరిగింది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం ఈ చేతులు ఉండనిస్తే ఏం పోతుంది, కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడు. కూర్చుంటే ఇక చెప్పదని శాంతకుమారికి తెలుసు, తనను తాను ఇప్పటికి అంతమాత్రం చదువుకుంది. నిలబడే చెప్పింది. "జువేరియా, నీ సంగతి బయటపెట్టింది మేఘన కాదు. నేను. వసుధ మేడమ్‌తో కారులో నేనే చెప్పినా. మీ అమ్మ వచ్చి అడిగితే పిల్లల మీదికి తోసేసినా."

చేతులు వెంటనే విడిపోలేదు. పట్టు సడలింది, తరువాత ఒక చెయ్యి పోయింది, తరువాత రెండోది. "యాల మేడమ్?" అని జువేరియా అడిగింది. కోపం కాదు, పాఠంలో అర్థం కాని చోట అడిగినట్టే అడిగింది. జాలితో చెప్పాను అనవచ్చు, నీకు సాయం చేద్దామని అనవచ్చు, రెండూ నాలుక చివరికి వచ్చాయి. "వాళ్ళంతా ఏదేదో చెప్తా ఉండారు. నా దగ్గర చెప్పేదానికి ఏమీ లేకపోయింది పాపా. అందుకే," అంది. అంత నీచంగా ఉంది ఆ నిజం, చెప్పాక దాన్ని ఇంక దేనితోనూ కప్పడానికి లేదు. జువేరియా ముఖం ముడుచుకుంది, చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలి గదిలోకి పోయింది. మేఘన శాంతకుమారి వైపు ఒకసారి చూసి, చెప్పులు విడిచి, సంచి పట్టుకుని ఆమె వెనకే పోయింది. తలుపు పడింది. నీళ్ళ గ్లాసుతో నిలబడిపోయిన ఖాలా అంతా విన్నది. గ్లాసు చాచి, "తాగండి మేడమ్, ఎండలో వచ్చినారు," అంది.

నీళ్ళు తాగింది. లోపల నుంచి ఏడుపు, ఎవరిదో తెలియలేదు. ఆ తరువాత మాటలు, తగ్గు గొంతులతో, ఒకరి మీద ఒకరు పడుతూ, మధ్య మధ్య మేడమ్, మేడమ్ అన్న ముక్క మాత్రం తెలిసింది. పిల్లలిద్దరూ తన గురించి మాట్లాడుకుంటున్నారు. ఏమనుకుంటున్నారో వినాలని చెవులు వాటంతటవే తలుపు వైపు తిరిగాయి. పాడు చెవులు. శాంతకుమారి లేచి, ఇంట్లోంచి బయటికి వచ్చి, ఆ మాటలు అందనంత దూరం నడిచి, సందు మొదట్లో ఎండలో నిలబడింది. ఎవరో కుర్రాడు సైకిలు ఆపి, ఎవురు కావాల అక్కా అని అడిగితే ఎవరూ వద్దు నాయనా అంది.

మేఘన వచ్చేసరికి నెత్తి మాడిపోతోంది. "వస్తాదంట మేడమ్," అంది దూరం నుంచే. శాంతకుమారి నోరు తెరవబోతే, "పరీక్షలకు వస్తాదంట," అని సరిచేసింది. "మీతో మాట్లాడదంట. బస్సులో మీరు ముందర కూర్చోవాల. మేము వెనకాల కూర్చుంటాము. మాకు మాట్లాడుకునేది శానా ఉండాది." "సరే పాపా," అంది శాంతకుమారి. జువేరియా బట్టల సంచీతో వచ్చింది, పక్క నుంచే పోయింది, కళ్ళెత్తలేదు. సాయంత్రం పుంగనూరులో దిగాక బద్రున్నీసా ముందూ నల్లప్ప ముందూ ఇదే మాట మళ్ళీ చెప్పాలి, నిలబడే చెప్పాలి. రేపు కారులో ఏం చెయ్యాలో ఇంకా తెలియదు. శాంతకుమారి డ్రైవరు వెనక సీటులో ఒంటరిగా కూర్చుంది. వెనక నుంచి గుసగుసలు వినబడుతూనే ఉన్నాయి, ఒకసారి ఎవరో ముక్కు చీదారు, ఒకసారి ఎవరో నవ్వారు. పుంగనూరు వచ్చేదాకా ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.